36 చిప్పుల్లో పోయింది ఏది? 1981 నాటి పీసీ తన జబ్బు తానే చెప్పిన కథ

మీ ఫోన్‌లో యాప్ ఉన్నట్టుండి మూసుకుపోతే ఏం చేస్తారు? మళ్ళీ ఓపెన్ చేస్తారు. ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేస్తారు. తప్పు యాప్‌దా, మెమొరీదా అని మనం అడగం, ఫోనూ చెప్పదు. కానీ 1981లో వచ్చిన ఒక కంప్యూటర్ మాత్రం ఏ వరుసలో, ఏ చిప్ పాడైందో స్క్రీన్ మీద అంకెల్లో చూపించేది. ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం.

దాని పేరు ఐబీఎం పీసీ, మోడల్ నంబర్ 5150. అమెరికాలోని ఫ్లోరిడాలో, బోకా రేటన్ అనే ఊళ్ళో డాన్ ఎస్ట్రిడ్జ్ టీమ్ తయారు చేసింది. 1981 ఆగస్టు 12న బయటికొచ్చింది. అన్నిటికంటే చవక మోడల్ ధర 1,565 డాలర్లు. దాంట్లో ర్యామ్ ఎంతంటే 16 కేబీ! మొదట్లో వచ్చిన మదర్‌బోర్డ్‌ని పూర్తిగా నింపినా 64 కేబీనే. మీ ఫోన్‌లో 8 జీబీ ఉంటే, అలాంటి బోర్డులు 1,31,072 కలిపినంత అన్నమాట.

ఆ బోర్డ్ మీద మెమొరీ చిప్పులు నాలుగు వరుసల్లో ఉంటాయి, వరుసకి తొమ్మిది. మొత్తం 36. ఇక్కడ ఒక అనుమానం రావాలి మీకు. బైట్‌కి 8 బిట్లే కదా, తొమ్మిదో చిప్ ఎందుకు?

అది కాపలా చిప్. పనంతా సరి-బేసి లెక్క. ఎనిమిది బిట్లలో ఎన్ని ఒకట్లు ఉన్నాయో చూసి, తొమ్మిదోదాంతో కలిపి మొత్తం బేసి సంఖ్య అయ్యేలా రాస్తారు. చదివేటప్పుడు సరి సంఖ్య వచ్చిందంటే ఎక్కడో ఒక బిట్ మారిపోయినట్టే. దీన్నే పారిటీ అంటారు. తేడా రాగానే మెషీన్ 'పారిటీ చెక్ 1' అని చూపించి ఆగిపోతుంది. 1 అంటే తప్పు మదర్‌బోర్డ్ మీద, 2 అంటే అదనంగా పెట్టిన కార్డ్ మీద.

సేవ్ చేయని పని మొత్తం పోతుంది. కోపం వస్తుంది కదా? కానీ అది ఆఫీసు మెషీన్ అండి. ఖాతాలో ఒక అంకె మారిపోయి, ఎవరికీ తెలియకుండా అలాగే సేవ్ అయితే? దానికంటే ఆగిపోవడమే నయం. అందుకే ప్రతి ఎనిమిది చిప్పులకి ఇంకో చిప్ ఖర్చు అదనంగా పెట్టారు.

ఆ భయం ఊరికే రాలేదు. ఇలాంటి ర్యామ్‌కి మూలం ఐబీఎంలోనే పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ ఆలోచన, 1968లో పేటెంట్ వచ్చింది. ప్రతి బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన చార్జ్. అది కారిపోతూ ఉంటుంది. 4116 రకం చిప్‌లో ప్రతి 2 మిల్లీసెకన్లలోపు మళ్ళీ నింపాలి. అంత సున్నితం. 1978లో ఇంటెల్ ఇంజనీర్లు టిమోతీ మే, మర్రే వుడ్స్ ఇంకో సంగతి బయటపెట్టారు. చిప్ ప్యాకేజీలో అతి కొద్దిగా ఉన్న యురేనియం, థోరియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లని తిప్పేస్తున్నాయని! చిప్ బాగానే ఉంటుంది, లోపలి అంకె మాత్రం మారుతుంది. దీన్ని సాఫ్ట్ ఎర్రర్ అంటారు.

ఇప్పుడు రిపేర్ సంగతి. పవర్ ఆన్ చేయగానే ఈ పీసీ మెమొరీలో 10101010, 01010101 లాంటి నమూనాలు రాసి, తిరిగి చదివి పోల్చుకుంటుంది. తేడా వస్తే '0420 201' లాంటి నంబర్ చూపిస్తుంది. 201 అంటే మెమొరీ తప్పు. ముందున్న నాలుగు అంకెల్లో అసలు గుట్టుంది. 64 కేబీ బోర్డ్‌లో మొదటి రెండంకెలు 00 అయితే మొదటి వరుస, 04 అయితే రెండోది, 08 అయితే మూడోది. తర్వాతి రెండంకెలు ఏ బిట్టో చెప్తాయి. 01, 02, 04, 08, 10, 20, 40, 80 అనేవి వరుసగా ఎనిమిది బిట్లు. 00 అయితే కాపలా చిప్పే పోయింది. అంటే 0420 అంటే రెండో వరుసలో ఆరో బిట్ చిప్. చూశారా, అడ్రస్ ఇచ్చినట్టే!

అయినా వెంటనే చిప్ కొనకండి. ముందు మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూడాలి. 4116కి +5, +12, -5 మూడూ కావాలి. -5 రాకపోతే మంచి చిప్ కూడా కాలిపోవచ్చు. తర్వాత పవర్ తీసేసి చిప్పుల్ని సాకెట్లలో నొక్కాలి. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారి అవి కొద్దికొద్దిగా పైకి లేస్తాయి. అప్పటికీ తగ్గకపోతే, రెండో వరుస చిప్‌ని మూడో వరుసలో అదే బిట్ చిప్‌తో మార్చండి. ఎర్రర్ 0820కి మారితే చిప్ పోయినట్టు. 0420 దగ్గరే ఉంటే సాకెట్‌లోనో, బోర్డ్ గీతల్లోనో లోపం.

మొదటి వరుసకి మాత్రం ఈ కిటుకు పనిచేయదు. ఆ చిప్పుల్ని బోర్డ్‌కే సోల్డర్ చేశారు. మొదటి 16 కేబీ పాడైతే స్క్రీన్ మీద ఏమీ రాదు కూడా. తప్పు చెప్పడానికి కూడా కొంత మెమొరీ కావాలి మరి.

ఒక్కసారి పారిటీ చెక్ వచ్చి, మళ్ళీ ఆన్ చేస్తే టెస్ట్ పాసైతే? గంటసేపు వేడెక్కనిచ్చి మళ్ళీ చూడాలి. కొన్ని చిప్పులు చల్లగా ఉన్నప్పుడు బుద్ధిమంతుల్లా ఉంటాయి. అప్పుడూ రాకపోతే, అది సాఫ్ట్ ఎర్రర్ కావచ్చు, చిప్ మార్చక్కర్లేదు.

మరి ఈ కాపలా చిప్ ఏమైంది? 1990లలో ధర తగ్గించే పోటీలో మామూలు పీసీల నుంచి తీసేశారు. తప్పుని సరిదిద్దగల ఈసీసీ మెమొరీ సర్వర్లకి మిగిలింది. 2009లో బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజనీర్లు కలిసి ఆ కంపెనీ సర్వర్లని పరిశీలిస్తే, ఏడాదిలో 8 శాతానికి పైగా మెమొరీ మాడ్యూల్స్‌లో తప్పులు కనిపించాయి. అందులోనూ ఎక్కువ భాగం సాఫ్ట్ ఎర్రర్లు కావు, హార్డ్‌వేర్ లోపాలే అని తేల్చారు.

ఇప్పటి కొత్త ర్యామ్ కొన్ని తప్పుల్ని చిప్ లోపలే దిద్దుకుంటుంది, మంచిదే. కానీ ఆ సంగతి మన దాకా రాదు. చాలా ఫోన్లలో ర్యామ్ ప్రాసెసర్ మీదే అతికించి ఉంటుంది, తీసి మార్చలేం. వేగం పెరిగింది, సైజు తగ్గింది, నేను కాదనను. నా బాధ ఒక్కటే, మెషీన్‌కి తెలిసిన తప్పు దాన్ని కొన్నవాడికి కూడా తెలియాలి. 64 కేబీ మెషీన్ నాలుగు అంకెల్లో చెప్పగలిగింది. 8 జీబీ ఫోన్ ఎందుకు చెప్పకూడదు? మీరేమంటారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.