డిక్కీలో దరువు

కారు డిక్కీలో ఊఫర్ పోతే కంపెనీనీ, యాంప్లిఫయర్‌నూ తిట్టుకుంటాం. పెట్టెను ఎవరూ అనుమానించరు. వందేళ్ల లౌడ్‌స్పీకర్ చరిత్రలో సగం ఆ పెట్టెదే.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అయస్కాంతం, కాయిల్, కోన్‌లతో ఈనాటి స్పీకర్‌కు రూపమిచ్చారు. కోన్ ముందుకు కదిలితే ముందరి గాలి నొక్కుకుంటుంది, వెనకది పలచబడుతుంది. అంచు చుట్టి వచ్చి ఆ రెండూ కలిశాయంటే బేస్ మాయం. అందుకే మధ్యలో పలకో పెట్టో అడ్డం కావాలి. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆల్బర్ట్ తురాస్ వెనకటి గాలి వృథా పోకుండా రంధ్రం గుండా బయటికి రప్పించే పద్ధతికి 1932లో పేటెంట్ పొందాడు. ఇప్పటి పోర్టెడ్ బాక్సుకు మూలం అదే. 1954లో ఎడ్గర్ విల్చర్ ఎదురుదారి పట్టాడు. కోన్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్‌ను బాగా వదులు చేసి, గట్టిగా మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడాడు. అలాంటి ఊఫర్‌ను పెట్టె లేకుండా గట్టిగా మోగిస్తే కోన్‌ను ఆపేవాడుండడు.

అయినా ఏ ఊఫర్‌కు ఎంత పెట్టె అన్నది చాలాకాలం అంచనాల మీదే నడిచింది. పక్కా లెక్క ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. నెవిల్ థీల్ 1961లో అక్కడి పత్రికలో రాసిన వ్యాసం 1971లో అమెరికాలోని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మళ్లీ అచ్చయ్యేదాకా లోకం కంట పెద్దగా పడలేదు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధించిన రిచర్డ్ స్మాల్ 1972 నుంచి దాన్ని విస్తరించాడు. ఊఫర్‌తో పాటు వచ్చే కాగితం మీది ఎఫ్ఎస్, వ్యాస్, క్యూఈఎస్, క్యూటీఎస్ అంకెలు వీళ్ల చలవే. ఎఫ్ఎస్‌ను (ఊఫర్ సహజంగా ఊగే పౌనఃపున్యం) క్యూఈఎస్‌తో (దాని విద్యుత్ అదుపు అంకె) భాగించి, 50 లోపు వస్తే సీల్డ్ (మూసిన పెట్టె), 100 దాటితే పోర్టెడ్ అనుకోవడం మోటు లెక్క. మోటుదైనా పనికొస్తుంది. ఆ కాగితం చదివే దుకాణదారు దొరకడం మాత్రం అదృష్టమే. మామూలుగా కొలత టేపు ముందు డిక్కీ మీదికే పోతుంది.

1970లలో జిమ్ ఫోస్‌గేట్ వంటివాళ్లు కారుకు పెద్ద యాంప్లిఫయర్లు తెచ్చారు. 1980లో ఓక్లహోమాలోని కిక్కర్ సంస్థ పికప్ ట్రక్కులకు సరిపడే పెట్టె చేసింది. అదే ఏడు రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ వచ్చింది. మయామీ బేస్ అనే హిప్‌హాప్ శైలి పాటలకు అదే ఊపిరి. డప్పు మీద దెబ్బకూ దెబ్బకూ నడుమ కాయిల్‌కు చల్లబడే వ్యవధి ఉంటుంది. 808 బేస్ డ్రమ్ సాగుతూనే ఉంటుంది. ఊఫర్‌కు ఇచ్చిన శక్తిలో శబ్దంగా మారేది నూటికి ఒక వంతు అటూఇటూ, తక్కినదంతా వేడి. వేడికి కమిలిపోయే కాగితం ఫార్మర్ల (కాయిల్ చుట్టే గొట్టాల) స్థానంలో అల్యూమినియం, పాలీఇమైడ్ వచ్చాయి. కాయిల్ గట్టిపడ్డాక, దాన్ని నడుమ నిలిపే స్పైడర్ చిరగడం, తీగలు తెగడం ఎక్కువగా కంటబడసాగాయి.

పోయిన ఊఫర్‌ను పరీక్షించడం పెద్ద విద్యేం కాదు. వైర్లు విడదీసి మల్టీమీటర్ పెడితే 4 ఓమ్‌ల కాయిల్ సుమారు 3.2 నుంచి 3.7 దాకా చూపాలి. ఏమీ చూపకపోతే ఎక్కడో తెగింది. అయితే కాయిల్‌ను తప్పుపట్టే ముందు టెర్మినల్ నుంచి కోన్‌కు వెళ్లే అల్లిక తీగలు చూడాలి. తెగింది అక్కడైతే చిన్న టాంకాతో సరిపోతుంది. డబుల్ కాయిల్ అయితే రెండూ విడివిడిగా చూడాలి. రీడింగ్ సరిగ్గానే ఉన్నా, రెండు అరచేతులతో కోన్‌ను సమంగా నొక్కినప్పుడు గరగర రాసుకుంటే ఫార్మర్ ఉబ్బిందనో, కాయిల్ పక్కకు జరిగిందనో అర్థం. మాడు వాసన వస్తే వేడి దెబ్బ. అప్పుడు ముందు యాంప్లిఫయర్ గెయిన్ చూడాలి. చాలామంది దాన్ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. అలా తిప్పితే తల తెగి చతురస్రమయ్యే తరంగం, అంతే ఎత్తున్న సైన్ తరంగానికి రెట్టింపు శక్తి మోస్తుంది.

వాసన లేకుండా స్పైడర్ చిరిగితే పెట్టెను నిలదీయాలి. పోర్టెడ్ బాక్సు ట్యూనింగ్ (రంధ్రంలోని గాలి ఊగే పౌనఃపున్యం) కిందికి దిగాక గాలి ఊఫర్‌ను పట్టుకోదు. 35 హెర్ట్జ్‌కు చేసిన పెట్టెలో 25 హెర్ట్జ్ పాట పెడితే కోన్ అదుపు తప్పి ఎగురుతుంది. అట్టడుగు స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ అందుకే. మూసిన పెట్టెకు ఆ భయం తక్కువ. పైగా కారు లోపలి ఇరుకు చోటు అట్టడుగు స్వరాలను తానే పెంచుతుంది కాబట్టి, ఇంట్లో పేలవంగా తోచే సీల్డ్ బాక్సు కారులో నిండుగా మోగుతుంది. నా ఓటు దానికే.

పోర్టే కావాలనుకునేవారు కొత్త ఊఫర్ బిగించాక, తక్కువ వాల్యూమ్‌లో 60 హెర్ట్జ్ టోన్ పెట్టి దాని పౌనఃపున్యాన్ని మెల్లగా కిందికి దించాలి. కోన్ ఊపు తగ్గి, ఒకచోట దాదాపు ఆగి, మళ్లీ పెరుగుతుంది. ఆగినచోటే పెట్టె ట్యూనింగ్. ఫిల్టర్‌ను దానికి కాస్త కింద పెట్టాలి.