పాకాల చెరువుకు వచ్చే చుట్టాలు

మడికొండ మెట్టుగుట్ట దాపున ఉన్నవారు ఈ చలికాలంలో ఒక పూట తీరిక చేసుకొని పాకాలకు పోయిరండి. కాజీపేట, వరంగల్లు, నర్సంపేటల మీదుగా 60 కిలోమీటర్ల పైచిలుకు దారి. పిట్టలను చూడటానికి అంత దూరమా అంటారేమో. ఆ పిట్టల కథలో మీ కథ కూడా ఉంది, వినండి.

పాకాలను పక్షుల కోసం ఎవరూ కట్టలేదు. కాకతి గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో, జగదాల ముమ్మడి అనే ఆయన పంటల కోసం కట్టించాడు. పాలంపేటలో రామప్ప గుడి వెలసినదీ ఆ ఏడే. గుట్టల నడుమ పారే వాగుకు ఒక వైపున మట్టికట్ట వేశారు. తక్కిన మూడు వైపులా గుట్టలే కాపు. నిండితే నీరు సుమారు 30 చదరపు కిలోమీటర్లు పరచుకొంటుంది. నేల వాలు మన పెద్దలకు ఎంత బాగా తెలుసునో చూడండి! ఈ నీరే మున్నేరై చివరకు కృష్ణలో కలుస్తుంది.

కట్ట వేసినవారు తలంచని సంగతి ఒకటి జరిగింది. వానలు వెనుకబట్టాక నీరు మెల్లగా తీసి శిఖం బయటపడుతుంది. అంచున మోకాలిలోతు నీటిలో గడ్డివిత్తులు, పురుగులు, నత్తలు. సరిగ్గా అప్పుడే ఉత్తరాన సైబీరియా, మధ్య ఆసియాలలో చెరువులు గడ్డకడతాయి. సూదివంటి తోకగల బాతులు, ఇంకా ఎన్నో జాతులు మేత వెతుక్కొంటూ మన చెరువులకు దిగుతాయి. తలమీద రెండు నల్లపట్టీలుండే పెద్దబాతయితే హిమాలయాలనే దాటివస్తుంది. భరత్‌పూరులో కాలికి కడియం తొడిగి వదిలిన బాతులు సైబీరియాలో దొరికాయి. ఎండలు ముదరకముందే వాటి తిరుగుప్రయాణం.

1952లో పాకాల చుట్టుపక్కల అడవిని అభయారణ్యం చేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అయితే సరిహద్దురాయి బాతుకేం తెలుసు? పగలు చెరువులో కునికి, రాత్రి మీ మళ్ళలో మేస్తుంది. కోతైన మడిలో రాలిన గింజ ఏరుకుంటే మనకు పోయేది లేదు. యాసంగి నారుమడిలో దిగితే నష్టమే, కాదనను. కేకవేసి తోలండి, గుళికలమందు కలిపిన గింజలు మాత్రం చల్లకండి. ఆ గింజ మీ ఇంటి కోడీ తింటుంది, ఆ నీరు మీ గొడ్లూ తాగుతాయి. విస్తరణ ఉద్యోగులు ఈ మాట నారు పోయకముందే ఊళ్ళో చెప్పాలి. పోసినాక చెబితే ఎవరు వింటారు?

పోయేవారు డిసెంబరు, జనవరి నెలల్లో తొలిపొద్దుకే కట్ట ఎక్కండి. తెల్లబట్టలు వద్దు, కేకలు వద్దు. నీరు పలచగా ఉన్న అంచు వైపు చూస్తూ కూర్చోండి. తిరిగివచ్చాక మీ ఊరి కుంట అంచు కూడా ఒకసారి చూడండి. సూదితోక బాతు అక్కడా ఉండవచ్చు.