వినేవాళ్లు ఎక్కడ తయారయ్యారు?

1855లో తంజావూరు రాజు శివాజీ మగ సంతానం లేకుండా కన్నుమూశాడు. సంస్థానం కంపెనీ చేతికి పోయింది. ఆ కొలువును నమ్ముకున్న సంగీత విద్వాంసులు, నర్తకులు ఒక్కొక్కరే మద్రాసు దారి పట్టారు. అక్కడ రాజు లేడు. వకీళ్లు, ఉద్యోగులు, వర్తకులు ఉన్నారు. సభలు పెట్టుకున్నారు, టిక్కెట్టు కొని విన్నారు. 1900లో పార్థసారథి స్వామి సభ, 1928లో మ్యూజిక్ అకాడమీ వచ్చాయి. గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ ఆ కొత్త శ్రోతల ఓపికకు తగ్గట్టు కచేరీని మలిచాడు. వర్ణంతో ఎత్తుకుని తేలిక రచనలతో ముగించే ఆ వరస అనాదిదని నమ్మేవాళ్లున్నారు. దాని వయసు సుమారు నూరేళ్లే.

సభ కొత్తవాళ్లను చేర్చుకుంటూనే పాతవాళ్లను గెంటింది. తిరువయ్యారులో త్యాగయ్య సమాధి మందిరాన్ని సొంత సొమ్ముతో కట్టించిన, దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ, ఆరాధనోత్సవంలో స్త్రీలు పాడటం కోసం ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. కళావంతుల ఇళ్లలో పదాలు, జావళీలు విని పెరిగిన చెవులు ఎన్నో అలా పరాయివైపోయాయి. దీన్ని మనం తగినంతగా తలచుకోలేదు.

తెలుగునాట శ్రోత ఎక్కువగా హరికథ పందిట్లో తయారయ్యాడు. ఆదిభట్ల నారాయణదాసు గజ్జె కట్టి, చిడతలు పట్టి, మైకు లేకుండానే జనాన్ని కూర్చోబెట్టారు. కథ కోసం వచ్చిన రైతు పేరు తెలియని రాగాన్ని చెవిన వేసుకుని ఇంటికి వెళ్లేవాడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలిసినప్పుడు దాని తొలి అధ్యక్షుడు దాసుగారే. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిందీ అక్కడే.

తరువాత రేడియో. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం మొదలైంది. నా దృష్టిలో తెలుగువారికి దొరికిన అతిపెద్ద సభ అదే. బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు అక్కడ పనిచేశారు. పొద్దున్నే భక్తిరంజని వంటింట్లోకి, కాఫీ హోటల్లోకి సమానంగా వచ్చేది. సంగీత శిక్షణ వింటూ ఇంటిపనుల మధ్య కృతులు నేర్చుకున్న ఇల్లాళ్లున్నారు. గుమ్మం దగ్గర ఎవరూ కులం అడగలేదు. అదే ఆకాశవాణిలో 1952లో మంత్రి కేస్కర్ సినిమా పాటలను పక్కన పెట్టిస్తే జనం రేడియో సిలోన్ పెట్టుకున్నారు. 1957లో వివిధ భారతి తెచ్చి సర్దుకోవలసి వచ్చింది. మందలిస్తే శ్రోత పుట్టడు. 1980లో ‘శంకరాభరణం’ ఆ సంగతి మరోవైపు నుంచి చూపించింది. రాగాలు నిండిన సినిమాకు హాళ్లు కిటకిటలాడాయి. ఆ ప్రేక్షకుడికి తన ఊళ్లోనే ఒక కచేరీ చూపించినవాళ్లు మాత్రం తక్కువ.

ఇప్పుడు పాడేవాళ్లకు కొదవ లేదు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఉత్సవం జరుగుతోంది. అమెరికాలో తెలుగు పిల్లలు ఫోన్లోనే గురువు ముందు కూర్చుని కీర్తనలు దిద్దుకుంటున్నారు. చాలాచోట్ల కచేరీ హాల్లో ఉండేది తల్లిదండ్రులే. తమ పిల్ల పాడగానే లేచిపోతారు. పాడటం నేర్పే బడులు ఇన్ని ఉన్నాయి, వినడం అలవాటు చేసే చోట్లు కరువయ్యాయి. యూట్యూబ్‌లో మహావిద్వాంసులందరూ ఉన్నారు, వెతికేవాడికే దొరుకుతారు. హరికథ, రేడియో వెతకనివాడి దగ్గరికి తామే వెళ్లాయి.

అందుకే నేను అడిగేది పెద్ద ఉత్సవాలను కాదు. మన ఊళ్ల ఆలయ మండపాల్లో వారానికో సాయంత్రం, టిక్కెట్టు లేకుండా, గంటన్నర కచేరీ పెట్టించాలి. ఒక వారం గాత్రం, ఒక వారం నాదస్వరం. పాడబోయే కృతి అర్థం, రాగం పేరు ముందే తెలుగులో రెండు మాటల్లో చెప్పాలి. విద్వాంసుడికి దక్షిణ దేవస్థానమే ఇవ్వాలి.