యంత్రమును ప్రశ్నించు విద్య

పాడైన రేడియోను బాగుచేయువాడు పెట్టె విప్పి, విద్యుత్తు పాఱుచుండగనే ఒక్కొక్కచోట మీటరు తీగ నానించి చూచును. కంప్యూటరునకు వ్రాసియిచ్చు ఆదేశముల వరుసలో, అనగా ప్రోగ్రాములో, తప్పు దొరలినపుడు వెదకుటకు ఇట్టి సాధనమే కావలెను. దానిని డీబగ్గరు అందురు. అది మనుష్యుని చేతి కనువైన పనిముట్టుగా మాఱిన కథనే మేము నేడు చెప్పదలచితిమి.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను కంప్యూటరు 1949 మే 6వ తేదీన తొలి ప్రోగ్రామును నడిపెను. దాని నిర్మాతలలో ముఖ్యుడు మారిస్ విల్క్స్. ఆయన తొలినాళ్ళలో వ్రాసిన యొక ప్రోగ్రాము 126 పంక్తులది. అందు సుమారు 20 తప్పులు దొరలెను. శేషజీవితమున చాల భాగము తన తప్పులను తాను వెదకుకొనుటలోనే గడచునని ఆ యేడు మెట్లపై తనకు స్ఫురించినట్లు ఆయన స్వీయచరిత్రలో చెప్పుకొనెను.

ఆ దినములలో యంత్రము కాలమే విలువైనది. మనుష్యుని కాలము చౌక. ఒక్కొక్క ఆదేశమునే నడపుచు యంత్రము ముందు కూర్చుండి ఆలోచించుట దుబారాగా నెంచబడెను. ఆదేశములు నడచిన జాడను యంత్రమే అచ్చువేయు ఉపాయమును స్టాన్లీ గిల్ 1951లో తన వ్యాసమున వివరించెను. ఆ కాగితములను తరువాత తీరికగా చదువుకొనవలెను. ఎదురుప్రశ్న వేయుట కవకాశము లేదు.

అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు 1958లో టీఎక్స్-0 అను ట్రాన్సిస్టరు కంప్యూటరు వచ్చెను. దాని ముందు కూర్చుండి టైపుమిషను ద్వారా నేరుగా సంభాషింపవచ్చును. అచ్చట జాక్ డెన్నిస్, థామస్ స్టాక్‌హామ్ కలసి ఫ్లిట్ అను డీబగ్గరును కూర్చిరి. ప్రోగ్రామును కోరినచోట ఆపి, యంత్రస్మృతిలోని ఏ అరలో ఏ సంఖ్య యున్నదో అడుగవచ్చును. అదియు అర సంఖ్యతో గాక, తాము పెట్టుకొన్న పేరుతోనే. 1961లో పీడీపీ-1 యంత్రము వచ్చినపుడు అలాన్ కోటోక్ దాని నాధారము చేసికొని డీడీటీని వ్రాసెను. ప్రోగ్రాములోని తప్పును ఇంగ్లీషున ‘బగ్’, అనగా పురుగు, అందురు. మన యిండ్లలో దోమలపై చల్లిన మందుల పేర్లు ఈ డీబగ్గర్లకు వచ్చుటలోని చమత్కార మిదియే.

పిమ్మట మనుష్యభాషకు దగ్గరైన ప్రోగ్రాము భాషలు వ్యాపించెను. వ్రాయుట సులువయ్యెను, వెదకుట కాలేదు. వ్రాసినది ఒక భాష, డీబగ్గరు చూపునది యంత్రభాష. 1980 దశకమున బర్క్‌లీలో మార్క్ లింటన్ వ్రాసిన డీబీఎక్స్, 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ వెలువరించిన జీడీబీ వంటివి మూలములోని పంక్తినే చూపి, ప్రోగ్రాము ఇచ్చట నిలిచినదని చెప్పెను. తప్పు జరుగుట ఒకచోట, బయటపడుట మఱియొకచోట. చోటు దాటిపోయినచో మొదటినుండి మరల నడపవలసినదే. 2009లో వెలువడిన జీడీబీ 7.0 వెనుకకు నడచు సదుపాయమును గూడ కల్పించెను.

ఇందు గమనింపదగినది ఒక్కటి. అరలలోని సంఖ్యలు ఎడ్సాక్ నాడును యంత్రమున నున్నవే. మాఱినదెల్ల, వాటిని మనము మన మాటలలో అడిగి తెలిసికొను మార్గము. విల్క్స్ శంకించిన ఆ వెదకులాట నేటికిని తప్పలేదు. కాని అందు వ్యర్థమగు ఆయుర్దాయము తగ్గినది. ప్రశ్న వేయవలసినవాడు మాత్రము నాడును నేడును మనుష్యుడే.