నారికురుపు, బోదకాలు: రెండు పురుగులు, రెండు వడపోతలు

కర్నూలు, కడప ప్రాంతాల పల్లెలలో డెబ్బై ఏళ్లు దాటిన పెద్దలను నారికురుపు గురించి అడిగి చూడండి. ఆ బాధ ఎరిగినవారు ఇంకా కొందరు కనిపిస్తారు. కాలి మీద మంటతో బొబ్బ లేస్తుంది. అది పగిలి, తెల్లని నూలుపోగు వంటి పురుగు తల బయటపెడుతుంది. దానిని చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొద్దికొద్దిగా, వారాల తరబడి లాగేవారు. పూర్తిగా వచ్చేసరికి అది రెండు మూరల పొడవు ఉండవచ్చు. తొందరపడి లాగితే తెగిపోయేది. లోపల మిగిలిన ముక్క వల్ల కాలు వాచి, చీము పట్టేది. సేద్యపు పనుల రోజులలో మనిషి నెలల తరబడి మంచం పట్టడమంటే ఆ ఇంటికి ఒక పంట పోయినట్టే.

కోస్తా జిల్లాలలో ఇదే తీరున జనాన్ని పీడించినది బోదకాలు. రెండింటికీ కారణం నూలుపోగు వంటి గుండ్రటి పురుగులే. జీవశాస్త్రరీత్యా ఆ రెండూ దూరపు బంధువులు. ఒకదానికి మందు దొరికింది. దానిని కనుగొన్న పరిశోధనశాలకు నాయకుడు తెలుగువాడు. రెండవదానికి నేటికీ మందు లేదు. అయినా మందు లేని నారికురుపు మన దేశం నుండి తొలగిపోయింది. మందు ఉన్న బోదకాలు ఇంకా మిగిలి ఉంది. ఈ వైచిత్రికి కారణం తెలుసుకుంటే, మందులు ఎలా పుడతాయో, వాటి శక్తి ఎంతవరకో బోధపడుతుంది.

జల్లెడ పట్టే పద్ధతి

వందలాది రసాయనాలను వరుసగా ఒక రోగం మీద ప్రయోగించి, పనిచేసినదానిని ఏరుకునే పద్ధతికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. జర్మనీలో పాల్ ఎర్లిక్ బృందం ఆర్సెనిక్ సమ్మేళనాలను ఒకదాని వెంట ఒకటిగా తయారుచేసి పరీక్షించింది. 1909లో ఆయన సహచరుడు, జపాను దేశీయుడు సహచిరో హటా, సిఫిలిస్ సోకిన కుందేళ్లలో వాటిలో ఒకటి అద్భుతంగా పనిచేయడం గమనించాడు. అదే 606గా పేరుపొందిన మందు. 1910లో సాల్వర్సన్ పేరుతో అది బజారులోకి వచ్చింది.

ఈ పద్ధతిలో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, పరీక్షించడానికి సమ్మేళనాల నిల్వ. రెండవది, రోగాన్ని సరిగా ప్రతిబింబించే పరీక్ష. జల్లెడ కన్నాలు ఎంత ఉంటే అంత గింజే నిలుస్తుంది. పరీక్ష తప్పయితే, మంచి మందు చేతికి అందినా జారిపోతుంది.

సుబ్బారావుగారి పరిశోధనశాల

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డులో శరీర రసాయన శాస్త్రంలో అపూర్వమైన కృషి చేశారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అనంతరం అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించారు. అప్పటికి రెండవ ప్రపంచయుద్ధం నడుస్తున్నది. పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులు వేలాదిగా ఫైలేరియా బారినపడ్డారు. ఆనాడు వాడుకలో ఉన్న ఆర్సెనిక్, ఆంటిమొనీ మందులు పురుగుతోపాటు రోగికీ విషమే.

లెడర్లీ శాస్త్రజ్ఞులు ఎంచుకున్న పరీక్ష ఇక్కడ గమనించదగినది. మనిషికి సోకే ఫైలేరియా పురుగును ప్రయోగశాలలో పెంచడం అప్పట్లో సాధ్యం కాదు. అందువల్ల పత్తి ఎలుకలు అనే ఒక జాతి ఎలుకలలో సహజంగా ఉండే మరొక ఫైలేరియా పురుగును వారు ఆధారం చేసుకున్నారు. ఎలుకకు మందు ఇవ్వడం, దాని రక్తపు బొట్టును సూక్ష్మదర్శిని కింద పెట్టి పిల్ల పురుగులను లెక్కించడం, ఇదీ వరుస. అలా వడగట్టగా పైపరజీన్ కుటుంబానికి చెందిన ఒక సమ్మేళనం నిలిచింది. అదే డైఇథైల్ కార్బమజీన్, వ్యాపారనామం హెట్రజాన్. హెవిట్ ప్రభృతులు 1947లో ఈ ఫలితాలను ప్రకటించారు. అదే ఏడాది ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూడగా, రక్తంలోని పిల్ల పురుగులు వేగంగా తగ్గిపోయాయి. మరుసటి ఏడాదే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఈ మందుకు ఒక విచిత్ర స్వభావం ఉంది. గాజు పాత్రలోని పిల్ల పురుగుల మీద దీనిని పోస్తే పెద్దగా ఏమీ కావు. శరీరంలో మాత్రం, మన రక్షణ వ్యవస్థ తోడ్పాటుతో, అవి నశిస్తాయి. గాజు పాత్రల జల్లెడనే నమ్ముకుని ఉంటే హెట్రజాన్ చేతికి చిక్కేదే కాదు. ప్రాణమున్న ఎలుకను పరీక్షగా ఎంచుకోవడమే ఆ విజయానికి మూలం.

నారికురుపు జల్లెడకు చిక్కలేదు

నారికురుపుకు ఇటువంటి అదృష్టం పట్టలేదు. నీటితో పాటు కడుపులోకి చేరిన పిల్ల పురుగు పెరిగి, చర్మం చీల్చుకుని రావడానికి సుమారు ఒక సంవత్సరం పడుతుంది. ఒక్కొక్క మందు ఫలితం చూడడానికి అంత కాలం వేచి ఉండవలసి వస్తే, వందల సమ్మేళనాలను వడగట్టడం ఎలా? ఇతర రోగాలకు ఉన్న మందులను తెచ్చి వైద్యులు ప్రయత్నించారు. థయాబెండజోల్, మెట్రోనిడజోల్ వాపును, నొప్పిని కొంత తగ్గించాయి, పురుగును చంపలేదు. హెట్రజాన్ కూడా ఇక్కడ అక్కరకు రాలేదు.

అయితే ఈ పురుగుకు ఒక బలహీనత ఉంది. రోగి నీటిలో కాలు పెట్టగానే పురుగు వేలాది పిల్లలను వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే అతి చిన్న నీటిపురుగు మింగుతుంది. ఆ నీటిని తాగినవారికే రోగం. ఈ చక్రంలో సైక్లాప్స్ పాత్రను 1870 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు ఫెడ్చెంకో తేల్చాడు. వానలు అరుదైన రాయలసీమలో, జనం మెట్లు దిగి నీటిలో నిలబడి కడవలు ముంచుకునే దిగుడు బావులు ఈ చక్రం తిరగడానికి సరిగ్గా సరిపోయాయి. తాగునీటికి వేరే దిక్కు లేనివారు ఆ బావిని వదలలేరు. కరవు సీమ ప్రజలకు ఇది దాహం తెచ్చిన రోగం.

1980 దశకం మొదట్లో దేశవ్యాప్త నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1984లో మన దేశంలో సుమారు 40 వేల కేసులు నమోదయ్యాయి. రోగం ఉన్న ఏడు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వాడిన ఆయుధాలు అతి సామాన్యమైనవి. నీటిని గుడ్డతో వడపోయడం, దిగుడు బావులను చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, టెమిఫాస్ మందు చల్లి సైక్లాప్స్‌ను చంపడం, కురుపు ఉన్నవారిని బావిలో దిగనీయకపోవడం, ఇల్లిల్లూ తిరిగి రోగులను గుర్తించడం. చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో కనిపించింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. రసాయనాల వడపోత ఓడిన చోట నీటి వడపోత గెలిచింది.

పాత మందుకు కొత్త పని

కొత్త మందును వెదకడం ఎంత కష్టమో తెలిశాక, ఉన్న మందుకే కొత్త ప్రయోజనం వెదకడం సహజం. తెల్లవారుజామున దగ్గు, ఆయాసంతో బాధించే ట్రాపికల్ ఇసినోఫీలియాకు హెట్రజానే చికిత్స అయింది. సుబ్బారావుగారి నాయకత్వంలోనే వెలువడిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక మందులది ఇంకా గొప్ప కథ. పిల్లల రక్త క్యాన్సర్‌కు మొదలైన ఆ కుటుంబంలోని మిథోట్రెక్సేట్‌కు, అమెరికాలో 1971లో సోరియాసిస్‌కు, 1988లో కీళ్లవాతానికి అనుమతి లభించింది. పశువుల పురుగులకు వాడిన ఐవర్‌మెక్టిన్ మనుషుల ఫైలేరియా చికిత్సలోనూ చేరింది.

కానీ ప్రతి ఆశా ఇలా ఫలించదు. 2020లో ఐవర్‌మెక్టిన్ గాజు పాత్రలో కరోనా వైరస్‌ను అణచివేసిందన్న వార్త రాగానే, జనం ఆ మాత్రలను కొని మింగారు. గాజు పాత్రలో వాడిన మోతాదు, మామూలు మాత్రలతో రక్తంలోకి చేరే మోతాదు కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. తర్వాత జరిగిన పెద్ద పరీక్షలలో ప్రయోజనం కనిపించలేదు. గాజు పాత్ర హెట్రజాన్‌ను తక్కువ చేసి చూపింది; ఐవర్‌మెక్టిన్‌ను ఎక్కువ చేసి చూపింది. అందుకే జల్లెడలో నిలిచిన గింజ ఇంకా అన్నం కాదు. జంతువులలో, ఆపై మనుషులలో, పోల్చి చూసే పరీక్షలన్నీ దాటినదే మందు.

మనం గుర్తుంచుకోవలసినవి

మందు పేరు ఒకటే అయినా, రోగాన్ని బట్టి మోతాదు మారుతుంది. కీళ్లవాతానికి మిథోట్రెక్సేట్ సాధారణంగా వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద వ్రాయించుకుని, ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచండి.

ఫైలేరియా నివారణకు మీ ఊరిలో ప్రభుత్వం మాత్రలు ఇచ్చినప్పుడు ఆరోగ్య కార్యకర్తల ఎదుటే వేసుకోండి. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారు వేసుకోరాదు. వాపు లేదు కదా అని మానవద్దు. ఒకసారి లావెక్కిన కాలును ఈ మందు మామూలు కాలుగా మార్చలేదు. రక్తంలోని పిల్ల పురుగులను తగ్గించి, దోమల ద్వారా ఇతరులకు సోకకుండా ఆపగలదు. బోదకాలు ఇంకా మిగిలి ఉండడానికి కారణం మందు లేకపోవడం కాదు. మురుగులో పెరిగే దోమ ఉండడం, ఇచ్చిన మాత్ర చాలామంది మింగకపోవడం.

నారికురుపును తరిమినది మెట్లు లేని బావి, ఒక గుడ్డముక్క, ఇల్లిల్లూ తిరిగిన కార్యకర్తలు, మాట విన్న ప్రజలు. మందు ఉన్న రోగానికైనా ఆ చివరి రెండూ లేనిదే విముక్తి లేదు.