అవ్వ కట్టిన చీర

తళి దగ్గర మా పల్లెలో, మట్టిమిద్దె ఇంటి సామిగూట్లో ఒక లక్ష్మీ పటం ఉండేది. తామరపువ్వు మీద నిలబడిన అమ్మవారు, పక్కన ఏనుగు. బొమ్మ రవివర్మది. చీర మాత్రం కాగితం మీది రంగు కాదు, నిజమైన గుడ్డ, జరీ అంచు. మెడలో చమ్కీలు. "ఆ చీర నేనే కట్టినా" అనేది మా అవ్వ. ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా బటతలాలో కొయ్యదిమ్మెలతో నల్లగీతల బొమ్మలు అచ్చువేసి, చేత్తో రంగులు పూసి అమ్మేవారు. 1878లో కలకత్తా ఆర్ట్ స్టూడియో, పూనాలో చిత్రశాల ప్రెస్ మొదలై రాతి అచ్చు పటాలను ఊరూరికీ చేర్చాయి. కలకత్తా స్టూడియో తొలి పటాలకు కూడా రంగు చేత్తో వేసిందే. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టాడు. అక్కడ ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. కుంచె పని రాళ్ళే చేశాయి. కోవెల గడప దాటి లోపలికి పోలేనివాళ్ళ ఇంటికి కూడా దేవుడు పటమై వచ్చాడు. 1906లో రవివర్మ పోయినా ఆ పటాలు ఆగలేదు.

అయితే వేల ఇళ్ళలో ఒకే లక్ష్మి ఉంటే, మన లక్ష్మి ఏది? ఆడవాళ్ళు దానికి జవాబు కనుక్కున్నారు. గుడ్డపీలికలు, జరీ, పూసలు అంటించి అమ్మవారిని తమదాన్ని చేసుకున్నారు. యంత్రం వద్దన్న చెయ్యి మళ్ళీ పటం మీదికి వచ్చింది. మైసూరు, చెట్టినాడు వైపు పాత ఇళ్ళలోనూ ఇట్లాంటి పటాలు ఉండేవి. తరువాత కోవిల్‌పట్టి కొండయ్యరాజు (1898–1976) వంటివారి దేవతలు శివకాశి క్యాలెండర్లై వచ్చారు. ఏడాదికొక కొత్త బొమ్మ వచ్చే ఇంట్లో చీర కట్టే ఓపిక ఎవరికుంటుంది?

మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కట్టేటప్పుడు మా పటం అద్దం పగిలింది. పగిలిన పటం ఇంట్లో ఉండకూడదన్నారు. నేనే తీసుకుపోయి రావిచెట్టు కింద పెట్టి వచ్చినాను. రెండు వానలకు అది కరిగిపోయింది. రవివర్మ లక్ష్మి ఏ అంగడిలోనైనా దొరుకుతుంది. మా అవ్వ కట్టిన చీర దొరకదు.

మీ సామిగూట్లో అట్లాంటి పటం ఉంటే, చెట్టు కిందికి పంపేముందు ఇంట్లో పెద్దామెను ఒక్క మాట అడగండి: "అవ్వా, ఈ చీర ఎవరు కట్టినారు?" ఆమె చెప్పే జవాబు మన తెలుగులోనే ఉంటుంది. రాసి పెట్టుకోండి.