బ్యాంకాక్ సంతకం, ఆదోని ధర

2009 అక్టోబరు 2న కర్నూలు నీళ్లలో ఉంది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊరి మీద పడ్డాయి. జనం చంకన పిల్లల్ని పెట్టుకుని మిద్దెలెక్కి, కింద కొట్టుకుపోతున్న సామాన్లను చూస్తూ గడిపారు. సరిగ్గా ఆ గాంధీ జయంతి నాడే కేరళలో, అధికారంలో ఉన్న వామపక్ష కూటమి పిలుపు మీద జనం రోడ్ల పొడవునా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల కోపం అదే ఏడాది ఆగస్టు 13న బ్యాంకాక్‌లో మన దేశం ఆసియాన్ కూటమితో చేసుకున్న వర్తక ఒప్పందం మీద. మలేసియా, ఇండోనేసియా, థాయిలాండ్, వియత్నాం సహా పది ఆగ్నేయాసియా దేశాల సరుకుల మీద సుంకాలు ఏటేటా దిగుతాయని అందులో రాసుకున్నారు. మిరియాలు, రబ్బరు, కొబ్బరి ఏమైపోతాయోనని మలయాళీల భయం.

ఆ ఒప్పందం గురించి ఆలోచించే తీరిక రాయలసీమకు లేదు. సంతకాలయ్యాక ఇరవై రోజులకు, సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలింది. ఆ దుఃఖం తీరకముందే వరద. అయితే తీరిక ఉన్నా అడిగేవాళ్లమా అన్నది నాకు అనుమానమే. ఒప్పందంలో భారత్ పట్టుబట్టి ‘ప్రత్యేక ఉత్పత్తులు’గా పెట్టించుకున్నవి ఐదు: కాఫీ, టీ, మిరియాలు, ముడి పామాయిల్, శుద్ధి చేసిన పామాయిల్. మొదటి మూడింటి వెనక తోటల రాష్ట్రాలు గట్టిగా నిలబడ్డాయి. పామాయిల్‌కు ఎదురు నిలవాల్సింది మాత్రం మెట్ట భూమిలో బుడ్డలు వేసే రైతు. వేరుశనగను కర్నూలు వైపు బుడ్డలనండి, కడప వైపు శనక్కాయలనండి, ఆ పంట తరఫున చేతులు పట్టుకుని నిలబడ్డ వరస ఎక్కడా కనిపించలేదు.

ఎక్కడో జరిగిన ఒప్పందంలో తన ప్రమేయం లేకుండా ఇరుక్కోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1800 అక్టోబరు 12న నిజాం, ఈస్టిండియా కంపెనీ చేసుకున్న సంధితోనే కడప, ఆదోని కంపెనీ చేతికి పోయాయి. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు కింద ఉంది. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు రైలు మార్గం కడప, గుంతకల్లు, ఆదోనిల మీదుగా పూర్తయింది. మెట్టపంట మూటకు ఓడరేవు దారి దొరికింది.

వేరుశనగ ఆ దారిన పెరిగిన పంట. ఎర్రనేలలో, అరకొర వానలో కూడా ఎంతో కొంత ఇస్తుంది. కట్టె పశువుల మేతకు వస్తుంది. కానీ దాన్ని ఇంత విస్తారంగా వేయించింది ఇంటి అవసరం కాదు, ఫ్రాన్సులోని మార్సెయ్ రేవు. అక్కడి సబ్బు, నూనెల ఫ్యాక్టరీలు మద్రాసు, పుదుచ్చేరి రేవుల నుంచి వెళ్లే వేరుశనగను ఓడల కొద్దీ కొనేవి. మన రైతు ఎండలో కలుపు తీసిన పంట ఫ్రెంచివాళ్ల సబ్బు నురగలో కలిసేది.

1930ల మాంద్యంలో ధర కుప్పకూలింది. పైగా ఫ్రాన్సు తన ఆఫ్రికా వలస సెనెగల్ వేరుశనగను కాపాడుకోవడానికి బయటి సరుకు మీద సుంకాలు వేసింది. అప్పుడొచ్చింది మన తొలి ‘ప్రాంతీయ ఒప్పందం’ అనదగ్గది. 1932 ఆగస్టులో కెనడా రాజధాని ఒట్టావాలో బ్రిటిష్ సామ్రాజ్య దేశాలు కూర్చుని, ఒకరి సరుకుకు ఒకరు సుంకంలో రాయితీ ఇచ్చుకోవాలని తీర్మానించాయి. భారత వేరుశనగకు బ్రిటన్ మార్కెట్‌లో పది శాతం మేలు దక్కింది. కాగితం మీద బాగుంది. మెలిక ఎక్కడుందంటే, అదే రాయితీ బ్రిటిష్ వలసైన నైజీరియాకూ ఉంది. కానో చుట్టుపక్కల పండే వేరుశనగ కూడా ఆ తలుపు గుండానే లోపలికి వచ్చేది. పోటీదారుకూ అదే రాయితీ ఇస్తే మనకు దక్కిన మేలెంత? బదులుగా మనం బ్రిటిష్ యంత్రాలకు, ఇతర తయారీ సరుకులకు దారి ఇచ్చాం. 1936లో కేంద్ర శాసనసభ ఈ ఒప్పందాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. దశాబ్దాల తర్వాత బ్యాంకాక్ ఒప్పందాన్ని చదివేవాళ్లు ముందు ఈ ఒట్టావా కథ చదవాలని నేనంటాను. ప్రశ్నలన్నీ అక్కడివే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు పడిపోయాక యూరప్ మార్కెట్ మూసుకుంది. వేరుశనగ ఇంటి నూనె అయింది, వనస్పతి అయింది. ఆదోనిలో, చుట్టుపక్కల బస్తీల్లో నూనె మిల్లులు పెరిగాయి. తాలింపు చెయ్యడానికి శనగనూనె తప్ప వేరేది సీమ వంటింట్లో లేని రోజులవి. దేశం మొత్తానికి మాత్రం నూనె చాలేది కాదు. 1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలుపెట్టింది. బయటి నూనెను అదుపులో ఉంచి, లోపల గిట్టుబాటు ధర చూపించడంతో కొన్నేళ్లలోనే దిగుమతులు బాగా తగ్గిపోయాయి. ఇంతలో సంస్కరణల గాలి. 1994లో పామోలిన్‌ను 65 శాతం సుంకం కట్టి ఎవరైనా తెచ్చుకోవచ్చన్నారు. 1998 నాటికి ఆ సుంకం 15కు దిగింది. ఆసియాన్ ఒప్పందానికి పదేళ్ల ముందు సంగతిది. తలుపు అప్పటికే తెరిచి ఉంది, తెరిచింది మనమే.

ఆ పోటీ ఎలాంటిదో లెక్క వేస్తే తెలుస్తుంది. మలేసియాలో ఒక హెక్టారు ఆయిల్‌పామ్ తోట ఏడాదికి సుమారు నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. పత్తికొండ మెట్టలో మంచి వాన పడ్డ ఏడాది హెక్టారుకు వెయ్యి కిలోల కాయలొచ్చాయనుకుందాం. ఒలిస్తే ఏడు వందల కిలోల గింజ, ఆడిస్తే మూడు వందల కిలోల పైచిలుకు నూనె. వాన తప్పితే అదీ లేదు. శనగనూనె పామాయిల్ ధరకు ఎన్నడూ దిగలేదు, దిగజాలదు కూడా. కానీ చౌక నూనె ఒకటి పక్కన కూర్చున్నాక, శనగనూనె ధర పెరిగిన ప్రతిసారీ కొనేవాడు దానివైపు జరిగిపోతాడు. మిల్లువాడు ఇవ్వగలిగే ధరకు పైన మూత పడుతుంది.

ఆ మూత మార్కెట్ యార్డులో ఇలా కనిపిస్తుంది. కొనేవాడు రాశిలో చెయ్యి లోతుగా దించి గుప్పెడు బుడ్డలు తీస్తాడు. చెవి దగ్గర ఊపి గలగల వింటాడు; చప్పుడు రాకపోతే తేమ ఉన్నట్టు. అరచేతుల మధ్య నలిపి ఒలిచి, నిండు గింజలెన్ని, ముడుచుకున్నవెన్ని అని బొటనవేలితో వేరు చేస్తాడు. ఆ వేరు చేసిన తీరును బట్టి క్వింటాకు వందల రూపాయల తేడా వస్తుంది. రైతు ఆ బొటనవేలి వంకే చూస్తూ నిలబడతాడు. కౌలాలంపూర్‌లో పామాయిల్ ఎంత పలుకుతోందో ఆయన చూడడు. చూసినవాడు మిల్లు గద్దె మీద ఉన్నాడు.

ఇప్పుడు ఒప్పందం సంగతికొద్దాం. చాలామంది చెప్పేటట్టు ఆసియాన్ ఒప్పందం వచ్చి పామాయిల్‌ను కుమ్మరించింది అనడం సరికాదు. ముడి పామాయిల్ మీద సుంకం 80 శాతం నుంచి మొదలై 2019 చివరికి 37.5కు, శుద్ధి చేసినదాని మీద 90 నుంచి 45కు దిగాలని రాసుకున్నారు. ఇవి పైహద్దులు మాత్రమే. సంతకం పెట్టిన రోజున ముడి పామాయిల్ మీద మన అసలు సుంకం ఎంతో తెలుసా? సున్నా. 2008 ఏప్రిల్‌లో ధరల మంటకు భయపడి కేంద్రమే ఎత్తేసింది. 2013 జనవరి దాకా సున్నాగానే ఉంచింది, ఆ తర్వాత రెండున్నర శాతం. ఒప్పందం ఆనాడు 60, 70 శాతాలు వేసుకోమన్నా ఢిల్లీ వేసుకోలేదు.

మరి ఒప్పందం ఏం చేసింది? 2018లో రైతుల గోడు పెరిగి ఢిల్లీ మనసు మార్చుకున్నప్పుడు తెలిసింది. మార్చిలో ముడి పామాయిల్ సుంకం 44 శాతానికి పెంచారు. 44 ఎందుకు? ఆ ఏడాదికి ఒప్పందం ఒప్పుకున్న గరిష్ఠం అదే. 2019 జనవరిలో 40కి, 2020 జనవరిలో 37.5కు దిగక తప్పలేదు. అవసరం లేనన్నాళ్లూ ఖాళీగా పడున్న తాడు, లేవబోయేసరికి కాలికి తగిలింది. ఈ ఒక్క విషయం కోసమైనా ఆ ఒప్పందం సుంకాల పట్టికను సీమ రైతు సంఘాలు గోడకు అంటించుకుని ఉండాల్సింది.

ఢిల్లీ ఎందుకు సున్నా వేసిందో కూడా చూడాలి. నూనె అమ్మే రైతు ఏడాదికి ఒకసారి యార్డుకు వస్తాడు. నూనె కొనే ఇల్లాలు నెలనెలా కొట్టుకు పోతుంది. చాలాచోట్ల ఆ రైతు, ఆ ఇల్లాలు ఒకే ఇంట్లో ఉంటారు. 2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ‘అమ్మహస్తం’ సంచిలో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో పామోలిన్ లీటరు ఒకటి. బుడ్డలు పండించిన ఊరికి రేషన్ బండిలో పామోలిన్ వచ్చేది. కూలి ఇళ్లకు అది నిజమైన ఊరట, నేను కాదనను. కర్నూలులో పొద్దున్నే ఉగ్గాని పక్కన పెట్టే బజ్జీ కూడా చాలా బండ్ల మీద పామాయిల్‌లోనే వేగుతుంది.

సుంకం కథ అక్కడితో ఆగలేదు. ఈలోగా మళ్లీ సున్నాకు దిగిన ముడి నూనెల మూల సుంకాన్ని 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచారు. వెంటనే నేపాల్ నుంచి శుద్ధి చేసిన నూనెలు వరదలా రావడం మొదలైంది, దక్షిణాసియా ఒప్పందం ‘సాఫ్టా’ కింద వాటికి సుంకం లేదు కాబట్టి. నేపాల్‌లో ఆయిల్‌పామ్ తోటలున్నాయా అని అడక్కండి. 2025 మే చివర్లో మళ్లీ 20ని 10కి తగ్గించారు. విత్తనం వేసేటప్పుడు ఉన్న సుంకం కాయలు పీకేటప్పటికి ఉంటుందన్న నమ్మకం లేదు.

రెండో వైపు కూడా ఉంది. మన వేరుశనగను ఇవాళ ఎక్కువగా కొనేది ఇండోనేసియా, వియత్నాం వంటి ఆసియాన్ దేశాలే. ఇప్పుడు అది నూనెకు కాదు, తినడానికి పోతోంది. ఇక్కడ సుంకం కంటే బూజు పెద్ద అడ్డంకి. కాయ ఊరే చివరి వారాల్లో బెట్ట పడితే గింజకు ఒక శిలీంధ్రం పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. బెట్టకు పుట్టిల్లు సీమే కదా. 2025 సెప్టెంబరులో ఇండోనేసియా ఈ కారణం మీదే మన వేరుశనగ దిగుమతిని కొన్నాళ్లు ఆపేసింది. సుంకం ఎంత తగ్గినా పరీక్షలో పోతే ఓడ కదలదు.

కడప కేపీ ఉల్లిది ఇంకో బాధ. మైదుకూరు వైపు పండే ఈ కృష్ణాపురం ఉల్లి చిన్నగా, గులాబీ రంగులో, మహా ఘాటుగా ఉంటుంది. మనవాళ్లు తినరు. మలేసియా, సింగపూర్, థాయిలాండ్‌లకే పోతుంది. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతి నిషేధించినప్పుడు దీన్నీ ఆ గాటనే కట్టేశారు. ఢిల్లీలో ఉల్లి ధర దించడానికి ఢిల్లీ ఎన్నడూ తినని ఉల్లిని ఆపారు. రైతులు, ప్రజాప్రతినిధులు మొత్తుకోగా అక్టోబరులో పదివేల టన్నులకు మాత్రం, చెన్నై రేవు గుండా, మరుసటి మార్చి చివరిదాకా అనుమతించారు. మలేసియా నూనె లోపలికి రావడానికి పదేళ్ల పట్టిక ఉంది. కడప ఉల్లి మలేసియా పోవడానికి ఆరు నెలల దయ దొరికింది.

బుడ్డలు వదిలిన రైతు పత్తికి, నల్లరేగడిలో పప్పుశనగకు మళ్లాడు. వానలు, విత్తనం ఖర్చు, తెగుళ్లు కూడా దానికి కారణమే. నెపమంతా నూనె మీద వేయను. అయితే ఆ పంటలకూ కొత్త ఒప్పందాలు ఎదురొచ్చాయి. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంలో పత్తికి 51,000 టన్నుల దాకా సుంకం లేని వాటా ఉంది. శనగను మాత్రం మన ప్రతినిధులు ఒప్పందం బయటే ఉంచారు. అడిగితే ఉంచగలరన్నమాట. దిగుమతి నూనె తగ్గించుకోవడానికి 2021లో ప్రకటించిన 11,040 కోట్ల ఆయిల్‌పామ్ మిషన్ కూడా నీళ్లున్న గోదావరి వైపుకే ఎక్కువ పనికొస్తుంది. బుడ్డల రైతుకు పోటీ దూరం నుంచి దగ్గరికి జరిగిందంతే.

2019 నవంబరు 4న అదే బ్యాంకాక్‌లో, ఆసియాన్‌తో పాటు చైనా కూడా ఉన్న ఆర్‌సెప్ కూటమిలో చేరబోమని భారత్ తప్పుకుంది. ఆసియాన్ పాత ఒప్పందాన్ని సమీక్షించాలని 2023 ఆగస్టులో ఇరుపక్షాలూ అనుకున్నాయి. ఆ సమీక్షకు ఆదోని, కడపల నుంచి పంపాల్సిన కోరికల జాబితా చిన్నదే: పామాయిల్ పైహద్దు ఇక దిగకూడదు, అఫ్లాటాక్సిన్ పరీక్ష రేవులో కాకుండా యార్డులోనే జరిగి ఆ కాగితాన్ని కొనే దేశం ఒప్పుకోవాలి. కేపీ ఉల్లి మాట ఆసియాన్‌ను అడగక్కర్లేదు, ఢిల్లీని అడిగితే చాలు.